గోరంత కార్డులో మన ఊరు

అమలాపురం, రాజోలు, కొత్తపేట, ఏ సెంటరులో బస్సు దిగినా నాలుగు అడుగుల్లో ఒక సెల్ షాపు కనబడుతుంది. ఫోన్ కవర్లు, ఛార్జర్లు, ఇయర్‌ఫోన్ల మధ్య చిన్న చిన్న అట్టలకు అంటించిన మెమరీ కార్డులు వేలాడుతుంటాయి. పొడవు 15 మిల్లీమీటర్లు, వెడల్పు 11, మందం 1. చిటికెన వేలి గోరంత ఉంటుంది. కొనేవాళ్ళు ధర అడుగుతారు, ఎన్ని జీబీలు అని అడుగుతారు, జేబులో వేసుకుని పోతారు. దానికొక చరిత్ర ఉందని గాని, మన గిరిజనుల చరిత్రకు దానితో సంబంధం ఉందని గాని ఎవరూ అనుకోరు. మేమూ అనుకోలేదు. ఒక కార్డు మమ్మల్ని మోసం చేశాకే ఆలోచించడం మొదలుపెట్టాం.

మేము గోదావరి ఎగువ నుంచి వచ్చినవాళ్ళం. దేవీపట్నం వైపు ఏటిగట్టు ఊళ్ళలో పుట్టి, బొమ్మూరు డైట్‌లో టీచరు ట్రైనింగు చేసి, డీఎస్సీలో ఉద్యోగాలు వచ్చి కోనసీమ బడులకు దిగాం. మాలో కొండరెడ్లూ ఉన్నారు, కోయలూ ఉన్నారు. పైన మేము తాగిన నీళ్ళే ధవళేశ్వరం దాటి గౌతమి, వశిష్ఠ పాయలై ఇక్కడి కొబ్బరి తోటలను తడుపుతాయి. ఏరు ఒకటే అయినా బతుకులు వేరు. ఇక్కడి ఊరికి కరణాల లెక్కలున్నాయి, గుడి శాసనాలున్నాయి, కవులు రాసిన పుస్తకాలున్నాయి. మా ఊరికి ఉన్నదల్లా ముసలివాళ్ళ గొంతు. ఏ కొండ మీద ఎవరు పోడు కొట్టారు, ఏ ఇంటిపేరు వాళ్ళు ఎటునుంచి వచ్చారు, ఏ ఏడు కరువు వచ్చింది, ఇవన్నీ పాటల్లోనూ పెళ్ళి మాటల్లోనూ ఉన్నాయి. ఆ గొంతు ఆగితే చరిత్ర ఆగినట్టే. అందుకే గొంతును దాచే పరికరం మనకు ఆటవస్తువు కాదు.

మన గొంతు ఎవరి పెట్టెలో?

మన గురించి రాసుకున్నవాళ్ళు చాలాకాలం బయటివాళ్ళే. 1940ల మొదట్లో ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ గోదావరి గట్టు కొండల్లో తిరిగి కొండరెడ్ల మధ్య ఉన్నాడు. 1945లో కొండరెడ్ల మీద పెద్ద పుస్తకం అచ్చు వేయించాడు. ఆయన శ్రద్ధగా చూశాడు, శ్రద్ధగా రాశాడు, కాదనడం లేదు. కాని ఆయన తీసిన ఫొటోల నిధి లండన్‌లోని విశ్వవిద్యాలయంలో ఉంది. మన తాతల ముఖాలు చూడాలంటే మనం అక్కడి తలుపు తట్టాలి. మన గుడిసెలో ఒక్క ఫొటో లేదు. కెమెరా ఎవరి చేతిలో ఉంటే జ్ఞాపకం వాళ్ళ ఇంటికి పోతుందని దీన్ని బట్టి తెలుస్తుంది.

తరువాత టేపు రికార్డరు వచ్చింది. హాలెండు దేశపు ఫిలిప్స్ కంపెనీ 1963లో చిన్న క్యాసెట్టును తయారుచేసింది. కోనసీమలో దానిని ఇంటింటికీ తెచ్చింది గల్ఫ్ వలస. కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళినవాళ్ళు సెలవులకు వస్తూ టేపు రికార్డర్లు తెచ్చేవారు. ఉత్తరం రాయలేని తల్లి క్యాసెట్టులో మాట్లాడి, ఎవరైనా వెళుతుంటే కొడుక్కి పంపేది. చదువు లేనివాళ్ళకు కూడా గొంతు దాచుకునే వీలు అలా దొరికింది. మా ఊళ్ళలో కరెంటు సరిగా లేదు. సెల్లులు వేసి వాడాలి, సెల్లులు కొనాలంటే సంత దాకా నడవాలి. క్యాసెట్టుకు గంటో గంటన్నరో పడుతుంది. వానాకాలం చెమ్మకు టేపు బూజు పట్టేది. ఊరికి ఒకటో రెండో ఉన్న రికార్డర్లలో సినిమా పాటలే మోగేవి. మన పాట రికార్డు చేయాలన్న ఆలోచన ఎవరికీ పెద్దగా రాలేదు. సీడీలు వచ్చినా వాటిలో పాట ఎక్కించడానికి కంప్యూటరు కావాలి. అది మనకు ఇంకా దూరం.

కార్డు పుట్టుక

జపాన్‌లో తోషిబా కంపెనీలో పనిచేసిన ఫుజియో మసువోకా అనే ఇంజినీరు 1980లలో ఫ్లాష్ మెమరీని కనిపెట్టాడు. 1984లో మొదటి రకాన్ని, 1987లో మనం ఇప్పుడు వాడే న్యాండ్ రకాన్ని లోకానికి చూపించాడు. దాని పని చెప్పాలంటే ఇలా చెప్పవచ్చు. చిప్పులో కోట్ల కొద్దీ అతిచిన్న గదులుంటాయి. ఒక్కో గదిలో కాస్త విద్యుత్ ఆవేశాన్ని బంధించి ఉంచుతారు. అది ఎంత ఉందో చూసి 0, 1 అని చదువుతారు. కరెంటు తీసేసినా ఆ ఆవేశం బయటికి పోదు. తిరిగే చక్రం లేదు, టేపు లేదు, సూది లేదు. అందుకే జేబులో కుదిపినా చెడదు.

1999లో పానసోనిక్ పేరుతో సరుకు అమ్మే మత్సుషిత, తోషిబా, శాండిస్క్ మూడు కంపెనీలు కలిసి ఎస్‌డీ కార్డును ప్రకటించాయి. 2004లో శాండిస్క్ గోరంత కార్డును తెచ్చింది. 2005లో దానికి మైక్రో ఎస్‌డీ అని పేరు స్థిరపడింది. మనం షాపులో 'మెమరీ కార్డు' అని అడిగేది దానినే.

ఆ తరువాతి అయిదారేళ్ళలో కీప్యాడ్ ఫోన్లు, పెద్ద స్పీకర్ల చైనా ఫోన్లు కోనసీమలోనూ ఏజెన్సీలోనూ నిండాయి. ప్రతి సెంటరులోనూ 'పాటలు ఎక్కించబడును' అని బోర్డులు వెలిశాయి. ఇరవయ్యో ముప్పయ్యో ఇస్తే కార్డు నిండా పాటలు పోసి ఇచ్చేవారు. ఆటోలో, పడవలో, కొబ్బరి వలుపు దగ్గర, వరి కోతల దగ్గర చిన్న స్పీకరు పెట్టెల్లో ఆ కార్డులే మోగేవి.

మా వైపు జరిగిన మార్పు ఇంకొకటి ఉంది. కుర్రాళ్ళు ఆ ఫోన్లతో పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ పాటలు, కొమ్ము డోలు ఆటలు, మామిడి పండుగ సందడి రికార్డు చేయడం మొదలుపెట్టారు. ఒక ఊరి పాట కార్డులోంచి కార్డులోకి మారి పది ఊళ్ళు తిరిగింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ డబ్బులివ్వలేదు. మన పాట మొదటిసారి మన చేతిలోని పెట్టెలో చేరింది. లండన్ పోనక్కరలేదు, రేడియో స్టేషను పోనక్కరలేదు. కార్డు చవక కాబట్టే ఇది జరిగింది. వేల రూపాయల పరికరమైతే మన దాకా వచ్చేది కాదు. ఆ మేలును మరచిపోకూడదు.

మా కార్డు కథ

పోలవరం ఆనకట్ట పని ముందుకు సాగేకొద్దీ మా ఏటిగట్టు ఊళ్ళు ఖాళీ చేయాలన్న మాట ఖాయమవుతూ వచ్చింది. 2019 వేసవి సెలవుల్లో మేము ఇంటికి వెళ్ళినప్పుడు ఊరిని రికార్డు చేయాలనుకున్నాం. మా పెద్దమ్మకు అప్పటికి ఎనభై దాటాయి. పెళ్ళి పాటలన్నీ ఆమెకు నోటికి వచ్చు. ఏ పాట ఏ పనప్పుడు పాడాలో చెప్పగలిగినది ఆమె ఒక్కతే. వెళ్ళేముందు కోనసీమలో ఒక షాపులో 64 జీబీ కార్డు కొన్నాం. పేరున్న కంపెనీ కార్డు వేరేచోట ఎక్కువ ధర చెప్పారు. ఇది అందులో మూడో వంతుకే వచ్చింది. అట్ట మీద పేరు పెద్దగానే ఉంది. ఫోన్‌లో వేస్తే 64 జీబీ అనే చూపించింది. బేరం బాగుందని సంతోషించాం.

మూడు రోజులు వీడియో తీశాం. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని పాడింది. మధ్యలో ఆపి, 'ఇది మీ అమ్మమ్మ పాడేదిరా, నాకు సగమే వచ్చు' అని నవ్వింది. చింతచెట్టు, ఊరి దేవత రాయి, ఇంటింటి గుమ్మం తీశాం. రోజూ రాత్రి ఫోన్‌లోంచి కార్డులోకి మార్చి, మరుసటి రోజుకు ఫోన్ ఖాళీ చేశాం. కార్డులో ఫైళ్ళ పేర్లన్నీ వరసగా కనబడ్డాయి. మొదటిది తెరిచి చూశాం, ఆడింది. మిగతావి తెరవలేదు.

ఆ ఆగస్టు వరదకు దేవీపట్నం వైపు ఊళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. తరువాత ఊరు పునరావాస కాలనీకి మారింది. కొత్త చోట పెద్దమ్మ ఎక్కువ కాలం బతకలేదు. దినాలకు అందరం చేరినప్పుడు ఆమె పాట వినిపిద్దామని కార్డు తీశాం. మొదటి రోజు వీడియోలు గంటసేపు ఆడాయి. ఆ తరువాత ఫైలు పేరు ఉంది, సైజు ఉంది, తెరిస్తే బొమ్మ లేదు, మాట లేదు. రెండో రోజు లేదు, మూడో రోజు లేదు. పిల్లలు 'అవ్వ ఏదీ?' అని అడిగారు. కంప్యూటరు తెలిసిన స్నేహితుడు పరీక్షించి, ఆ కార్డులో నిజంగా ఉన్నది 8 జీబీయేనని చెప్పాడు.

మోసం ఎలా జరుగుతుంది?

కార్డు లోపల రెండు భాగాలుంటాయి. ఒకటి దాచే చిప్పు, రెండోది లెక్క చూసే చిన్న కంట్రోలరు. 'నాలో ఇంత చోటుంది' అని ఫోన్‌కు చెప్పేది కంట్రోలరే. నకిలీ కార్డులో 8 జీబీ చిప్పు పెట్టి, కంట్రోలరు చేత 64 అని చెప్పిస్తారు. ఫోన్ నమ్ముతుంది. మొదటి 8 జీబీ బాగానే దాచుకుంటుంది. ఆ తరువాత వచ్చినది ఎక్కడా నిలవదు, లేదా పాతదాని మీద పడి రెండూ చెడతాయి. ఫైళ్ళ పేర్ల పట్టిక మాత్రం మొదటి భాగంలోనే ఉంటుంది కాబట్టి పేర్లన్నీ కనబడుతూనే ఉంటాయి. ధాన్యం కొలిచే కుంచానికి దొంగ అడుగు పెట్టి అమ్మినట్టే ఇది. సంతల్లో మన పెద్దల చింతపండును, కరక్కాయను తప్పుడు తూకాలతో తీసుకున్న షావుకార్ల కథలు మనం విన్నాం. ఆ తూకమే ఇప్పుడు చిప్పులోకి చేరింది.

అయితే ప్రతి తేడా మోసం కాదు. అసలైన 64 జీబీ కార్డు ఫోన్‌లో సుమారు 59 జీబీగా కనబడవచ్చు, 32 జీబీది 29గా కనబడవచ్చు. కంపెనీవాళ్ళు ఒక జీబీ అంటే 100 కోట్ల బైట్లు అని లెక్కవేస్తారు. చాలా కంప్యూటర్లు 1024ను మూడుసార్లు గుణించి, అంటే సుమారు 107 కోట్ల బైట్లు అని లెక్కవేస్తాయి. 64ను 1.07తో భాగించమని పిల్లలకు ఇస్తే మంచి లెక్క అవుతుంది. షాపువాడితో అనవసరపు తగాదా కూడా తప్పుతుంది.

కొన్న రోజే పరీక్షించాలి. కంప్యూటరు ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 వంటి ఉచిత ప్రోగ్రాములు కార్డును చివరిదాకా నింపి, మళ్ళీ చదివి, నిజం చెబుతాయి. కంప్యూటరు లేకపోతే మన చేత్తోనే చేయవచ్చు. ఖాళీ కార్డును సినిమాలతో చివరిదాకా నింపండి. కార్డు తీసి మళ్ళీ వేయండి. మొదటి ఫైలు, మధ్య ఫైలు, చివరి ఫైలు మూడూ తెరిచి, మధ్యమధ్యకు జరిపి చూడండి. అన్నీ ఆడితేనే కార్డు నమ్మదగినది. మేము మొదటి ఫైలు చూసి ఊరుకున్నాం. మా తప్పు అక్కడుంది.

కార్డు మీది గుర్తులు కూడా చదవడం నేర్చుకోవాలి. ఎస్‌డీహెచ్‌సీ అంటే 32 జీబీ వరకు, ఎస్‌డీఎక్స్‌సీ అంటే అంతకు పైన. చాలా కీప్యాడ్ ఫోన్లు, స్పీకరు పెట్టెలు 32 వరకే తీసుకుంటాయి. వాటికి 64 కొంటే డబ్బు దండగ. సి అక్షరంలాంటి గుండ్రటి గీత లోపల 10 అని ఉంటే సెకనుకు కనీసం 10 మెగాబైట్ల వేగంతో రాస్తుందని అర్థం. మామూలు వీడియోకు అది చాలు. పాటలు వినడానికి అంత వేగం కూడా అక్కరలేదు. చవక కార్డు కొనడం తప్పు కాదు. చిన్న సైజులో, బిల్లుతో, తెలిసిన కంపెనీది కొంటే చవకలో కూడా మంచిది దొరుకుతుంది. 64 అని రాసి 16 ధరకు ఇస్తున్నారంటే మాత్రం ఆగి ఆలోచించాలి.

నెట్ ఉండగా కార్డెందుకు?

మా పిల్లలు ఈ ప్రశ్న అడుగుతారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక పాటలు ఎక్కించే బోర్డులు ఒక్కొక్కటిగా దిగిపోయాయి. ఇప్పుడు అందరూ నెట్‌లోనే చూస్తారు. దానికి జవాబు 2022లో కోనసీమే చెప్పింది. ఆ ఏడు ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురంలో జరిగిన ఆందోళన హింసగా మారింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. జిల్లాలో ఇంటర్నెట్ ఆపేశారు. రోజుల తరబడి నెట్ లేదు. ఇంటినుంచి ఉద్యోగం చేసేవాళ్ళు సిగ్నల్ కోసం జిల్లా అంచులకు పోయారు. మేఘంలో దాచుకున్నామన్న ఫొటోలు, పాఠాలు ఎవరికీ అందలేదు. కార్డులో ఉన్నది మాత్రం ఆడింది. మన ఏజెన్సీలో చాలా ఊళ్ళకు సిగ్నల్ లేని రోజులు మామూలే. కోనసీమకు అది కొత్త అనుభవం.

ఆ జూలైలోనే గోదావరికి పెద్ద వరద వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986 తరువాత అంత వరద అదే. పైన చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాల్లో మనవాళ్ళ ఊళ్ళు మునిగాయి. కింద కోనసీమ లంకలు మునిగాయి. మా బంధువు ఒకతని ఫోన్ రెండు రోజులు బురద నీళ్ళలో ఉండి పనికిరాకుండా పోయింది. అందులోని కార్డు తీసి, మంచినీళ్ళతో తుడిచి, నీడన బాగా ఆరబెట్టి వేరే ఫోన్‌లో వేస్తే తెరుచుకుంది. చెల్లెలి పెళ్ళి ఫొటోలన్నీ ఉన్నాయి. అది 16 జీబీ అసలు కార్డు. ఏరు ముంచినా అసలు కార్డు నిలిచింది, ఏరు తాకకుండానే నకిలీ కార్డు మా పెద్దమ్మను ముంచింది.

ప్రభుత్వం కూడా ఈ సంగతి గుర్తించింది. 2022 డిసెంబరులో రాష్ట్రంలో 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు ట్యాబులు ఇచ్చినప్పుడు నెట్ లేకపోయినా చూసేలా పాఠాలను ముందే ఎక్కించి ఇచ్చారు.

అసలు కార్డు కూడా శాశ్వతం కాదు

ఇది అందరూ గుర్తుంచుకోవలసిన మాట. గదుల్లో బంధించిన ఆవేశం ఏళ్ళు గడిచేకొద్దీ కొంచెం కొంచెం కారిపోతుంది. ఎండలో, వేడిలో ఇంకా త్వరగా పోతుంది. ప్రతి గదినీ ఇన్నిసార్లే చెరిపి రాయగలం, ఆ తరువాత అది అరిగిపోతుంది. రాస్తుండగా కార్డు లాగేస్తే పట్టిక చెడుతుంది. కాబట్టి కార్డును పెట్టెలో పెట్టి పదేళ్ళు మరచిపోతే కుదరదు. మన ఇళ్ళలో పొయ్యి నిప్పును బూడిద కింద దాచి, పొద్దున్నే ఊది, కొత్త కట్టెకు అంటించినట్టు, పాత కార్డులోనిది కొత్తదానికి మారుస్తూ ఉండాలి.

మా దెబ్బ నుంచి నేర్చుకుని ఇప్పుడు మేము కొన్ని పద్ధతులు పాటిస్తున్నాం. ముసలివాళ్ళ మాటలు రికార్డు చేసేటప్పుడు వీడియో కొంచెం, మాట ఎక్కువ తీస్తున్నాం. మామూలు నాణ్యతలో గంట మాటకు 60 మెగాబైట్లు కూడా పట్టదు. 8 జీబీలో నూరు గంటల పైన పడుతుంది. అంటే మా నకిలీ కార్డులోని నిజమైన 8 జీబీలోనే పెద్దమ్మ పాటలన్నీ సరిపోయేవి. అది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

తీసిన రోజే రెండు కాపీలు చేస్తున్నాం. ఒకటి ఊళ్ళో ఉంటుంది, ఒకటి బడిలో ఉంటుంది. ఒక ఇంటికి వరద వస్తే రెండో ఇంట్లో మిగులుతుంది. రెండో కాపీ ఆడుతుందని చూశాకే ఫోన్‌లోది తీసేస్తున్నాం. పొరపాటున చెరిపేస్తే ఆ కార్డులో ఇంకేమీ రాయకుండా పక్కన పెడితే, తెలిసినవాళ్ళు తిరిగి తీయగలిగే అవకాశం ఉంటుంది. ప్రతి ఫైలుకూ పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఏ సందర్భపు పాట అన్నది నోట్‌బుక్కులో రాస్తున్నాం. పేరు లేని పాట పదేళ్ళకు ఎవరిదో తెలియని పాట అవుతుంది. బయటివాళ్ళకు ఇచ్చేముందు పాడినవాళ్ళను అడుగుతున్నాం. కొన్ని పాటలు కొలుపుల్లోనే పాడాలి. వాటిని ఊరు వద్దంటే రికార్డు చేయడం లేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ ఇంట్లో ఫోన్ ఉంది. మీ తాతో అవ్వో ఇంకా ఉండే ఉంటారు. ఈ దసరా సెలవులకు వెళ్ళినప్పుడు ఒక్క సాయంత్రం వాళ్ళ దగ్గర కూర్చోండి. ఇంటిపేరు ఎలా వచ్చిందో అడగండి, ఊరు ఎలా పుట్టిందో అడగండి. టీచర్లు దీనిని సాంఘిక శాస్త్రం ప్రాజెక్టుగా ఇవ్వవచ్చు. ఒక తరగతిలో ముప్పై మంది పిల్లలుంటే ముప్పై ఇళ్ళ చరిత్ర ఒక కార్డులో చేరుతుంది. ముందు ఆ కార్డును చివరిదాకా నింపి పరీక్షించండి.

మా పెద్దమ్మ మొదటి రోజు పాడిన గంట ఇప్పుడు నాలుగు కార్డుల్లో ఉంది. కాలనీలో ఇటీవల ఒక పెళ్ళికి పిల్లలు ఆ పాట స్పీకరులో పెట్టారు. సగంలో ఆగిపోయే పాట అది. ఆగిన చోటునుంచి ఒక ముసలామె అందుకుని, తనకు గుర్తున్న రెండు చరణాలు పాడింది. మేము ఫోన్ తీసి రికార్డు చేశాం. ఆ రాత్రే రెండు కాపీలు చేసి, రెండూ చివరిదాకా విన్నాకే పడుకున్నాం.